సన్నోళ్ళ కుస్తీకి వెళ్ళొచ్చిన మావయ్య

గజపతినగరం బస్సులో నా ముందు సీటు కుర్రాడు ఫోనులో కుస్తీ చూస్తున్నాడు. చెవుల్లో వైర్లు పెట్టుకున్నాడు కాబట్టి నాకు శబ్దం వినపడలేదు. చుట్టూ తాళ్ళు కట్టిన వేదిక మీద ఇద్దరు సన్నటి మనుషులు. ఒకడు రెండోవాడిని భుజం మీదుగా ఎత్తి పడేశాడు. పడ్డవాడి గడ్డం గుండెకు ఆని ఉంది. అరచేతులు రెండూ వేదికను చరిచాయి. వాడి ముఖం నాకు కనపడలేదు, కనపడినా ఎవరో తెలియదు. కానీ ఆ పడటం నాకు తెలుసు. నేను పనిచేసే గ్రంథాలయం దగ్గర దిగాల్సినదాన్ని, బస్‌స్టాండు దాకా వెళ్ళిపోయాను.

మావయ్య పోయి ఇంకా ఏడాది కాలేదు. హైదరాబాదులో అద్దె గదిలో పడుకున్నవాడు పొద్దున లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. నేను డైరీ రాసుకుంటుంటే ఒకసారి చూసి, "నా గురించి రాస్తే రాయి గానీ పేరెట్టకే. ఓడిపోయినోడి పేరు సదవడానికి ఎవులికుంటాది ఓపిక" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అయినా అది నాకు ఇచ్చిన పని లాగే తోచింది.

మాది భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పేట. నాన్న ఉద్యోగం వల్ల మేం విజయనగరంలో ఉంటాం గానీ నా సెలవులన్నీ అక్కడే, తాత ఇంట్లోనే గడిచాయి. మావయ్య తాతకు చెల్లెలి కొడుకు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే తాతే తెచ్చి పెంచాడు. తాతను ఆయన "మావా" అనేవాడు. నేను ఆయన్ని "మావయ్యా" అనేదాన్ని.

మనిషి పొట్టి కాదు, పొడుగు కాదు, సన్నం. చొక్కా విప్పితే పక్కటెముకలు కనిపించేవి, కానీ మెడ మాత్రం ఎద్దు మెడ. ఆ మెడ ఆ ఒంటిది కాదన్నట్టు ఉండేది. ఎక్కడికి వెళ్ళినా ముందు మడమతో నేలను తట్టి చూసేవాడు. పెళ్ళి పందిరి కానీ, బ్యాంకు కానీ, మా విజయనగరం ఇంటి మేడ కానీ, లోపలికి రాగానే కుడి మడమతో రెండు చిన్న దెబ్బలు. అమ్మ ఓసారి విసుక్కుంది.

"ఏటయ్యా అది, మా ఇల్లు కూలిపోతాదనా?"

"కాదక్కా. నేల ఎలాగుందో తెలీకుండా నిలబడితే పడ్డప్పుడు తెలుస్తాది."

"మా ఇంట్లో నిన్నెవులు పడేస్తారు?"

"నీ కూతురుంది కదా" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను మాటలకే జంకే పిల్లనని అందరికీ తెలుసు. కానీ ఆయన అన్నది అబద్ధం కాదు. మా పేటలో ఆయన్ని పడగొట్టని పిల్లలు లేరు. ఆయన ఇసకలో నడుస్తుంటే వెనకనుంచి ఎవడో ఒకడు వెళ్ళి నడుం మీద గుద్దేవాడు. అంతే, ఆయన గాల్లోకి లేచి, తిరిగి, వెల్లకిలా పడి, ఊపిరాడనట్టు కాళ్ళు కొట్టుకునేవాడు. పిల్లలు ఆయన గుండెల మీద కాలు పెట్టి చేతులెత్తేవాళ్ళు. నేను దూరంగా నిలబడి చూసేదాన్ని. ఒకరోజు నా దగ్గరకొచ్చి వంగి, "నువ్వూ కొట్టవే" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. "పోనీ ముట్టుకో." నేను చూపుడు వేలితో ఆయన భుజాన్ని తాకాను. ఆయన అలాగే కొయ్యలా నిలబడి, కళ్ళు తేలేసి, వెనక్కి పడిపోయాడు. ఇసక లేచి నా ముఖాన పడింది. ఆ సాయంత్రమంతా నా వేలిని నేనే చూసుకున్నాను.

ఎలా పడాలో కూడా ఆయనే నేర్పాడు. "గెడ్డం గుండెకి ఆనించు. సేతులతో నేలని కొట్టు. ఊపిరి వదిలెయ్యి. పడేటప్పుడు ఊపిరి బిగబట్టినోడికే దెబ్బ తగుల్తాది." ఆ చివరి మాట నాకు పడటానికి కాదు గానీ వేరే చోట్ల చాలాసార్లు పనికొచ్చింది.

ఇక తాత సంగతి, తాడు సంగతి చెప్పాలి. అవి చెప్పకపోతే మావయ్యకు జరిగింది అర్థం కాదు.

మా పేటలో ఒడ్డునుంచి లాగే పెద్దవల ఉంది. పడవ వెళ్ళి సముద్రంలో వలను అర్ధచంద్రంలా వదిలి వస్తుంది. వల రెండు కొసలకూ రెండు పొడవాటి తాళ్ళు. ఒడ్డు మీద ఒక్కో తాడు దగ్గర ఒక్కో వరస మనుషులు నిలబడి లాగుతారు. ఎవరి చోటు వారిదే, చేతులు మార్చుకుంటూ లాగాలి, వెనక ఒకరు తాడు చుట్ట చుడతారు. తాడు పట్టుకున్న ప్రతి ఒక్కరికీ చేపల్లో వాటా ఉంటుంది. ముసలివాళ్ళకు, వితంతువులకు కూడా. మా పేటలో ఆకలితో ఎవరూ పడుకోకపోవడానికి అదే కారణమని నాయనమ్మ అంటుంది. కానీ దానికి ఒక్కటే షరతు. పట్టుకున్నవాడు లాగాలి. చేతులు తాడు మీద ఉంచి, నడుం వంచి, లాగినట్టు నటించేవాడికి వాటా లేదు. అలాంటివాణ్ణి మళ్ళీ తాడు ముట్టుకోనివ్వరు.

నటించేదెవరో చెప్పేవాడు తాత. వలకు ఆయనే పెద్ద. వల ఒడ్డుకు చేరి అందరూ చేపల మీదకు పరుగెత్తాక ఆయన మాత్రం వెనక్కి తిరిగి, వరస నిలబడిన చోట ఇసకను చూస్తూ నడిచేవాడు. నిజంగా లాగినవాడి మడమలు ఇసకలో గోతులు తీస్తాయి. నటించినవాడి చోట ఇసక నలిగి ఉంటుందే తప్ప గొయ్యి ఉండదు. తాత మనిషి ముఖం చూడడు, మాట వినడు. మడమల గోతులు చూస్తాడు. ఒకసారి సొంత తమ్ముడికే వాటా ఆపేశాడని చెప్పుకుంటారు.

మావయ్య ఆ తాడు మీదే పెరిగాడు. తాత వెనక నిలబడేవాడు. చేపలు తగ్గిన కాలంలో పేటలో కుర్రాళ్ళంతా గుజరాత్ పడవల మీదకు పోతుంటే ఆయన హైదరాబాదు పోయి, ఎగ్జిబిషన్ మైదానాల్లో టిక్కెట్టు పెట్టి కుస్తీలు చూపించే ఒక బృందంలో చేరాడు.

ఈ రకం కుస్తీలో ఎవరు నెగ్గాలో ముందే అనుకుంటారు. దెబ్బలు నిజమే, పడటం నిజమే, విరిగిన ఎముకలు నిజమే. గెలుపోటములు మాత్రం ముందే కుదుర్చుకున్నవి. పట్నంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. తాతకు తెలియదు. మావయ్య చెప్పలేదు. నేర్పిన గురువుకు మాట ఇచ్చాడట, లోపల ఏం జరుగుతుందో బయట ఎవరికీ, కన్నవాళ్ళకు కూడా చెప్పనని. ఆ సంగతి కూడా ఆయన నోటివెంట రాలేదు. ఆయన పోయాక హైదరాబాదునుంచి వచ్చిన స్నేహితుడొకడు చెప్తే తెలిసింది.

ఆ కుస్తీలో ఆయనకు గెలిచే పని ఎప్పుడూ పడలేదు. కొత్తగా వచ్చిన బలవంతుణ్ణి జనానికి చూపించాలంటే ముందు వాడి చేతిలో ఒకడు చిత్తుగా ఓడాలి. ఆ ఒకడు మావయ్య.

అప్పుడు వచ్చింది జపాను పిలుపు. అక్కడ తేలిక బరువు వాళ్ళకోసం విడిగా ఒక పెద్ద పోటీ పెడతారు. దేశదేశాల నుంచి సన్నటి మల్లులు వస్తారు. మనదేశం నుంచి వెళ్ళాల్సినవాడి మోకాలు విరగడంతో మావయ్యను పంపారు. పేటలో ఆ పోటీకి 'సన్నోళ్ళ కుస్తీ' అని పేరు పడిపోయింది. మరీ ఎముకలు కనిపిస్తే వేదిక మీద బాగుండదు, కాస్త కండ పట్టి రమ్మన్నారట. అందుకని పేటకొచ్చి రోజూ గుడ్లు మింగేవాడు. ఇసక మూట భుజానేసుకుని రామతీర్థం కొండ ఎక్కి దిగేవాడు. పొద్దున్నే ఒడ్డున చేపలు తూచే కాటా ఎక్కి నిలబడేవాడు. గంపలతో కూర్చున్న ఆడవాళ్ళు దానికోసమే కాచుకునేవాళ్ళు.

"ఇయాల ఎంత తూగినావు బావా?"

"నిన్నటికంటే ఒక సేప ఎక్కువే."

"ఏ సేప? వంజరమా, ఏలెడు నెత్తల్లా?"

"నెత్తల్లే."

"అయితే జపానోడు నిన్ను ఎండబెట్టి అమ్ముకుంటాడు పో."

ఆయన కాటా దిగి, ఆ మాట గుండెకు తగిలినట్టు తూలి, గంపల మధ్య పడిపోయేవాడు. గంప ఒక్కటీ ఒరిగేది కాదు.

తాత దూరం నుంచి చూసి, "కాటా ఎక్కితే ఏటొస్తాదిరా, ఒచ్చి తాడట్టుకో" అనేవాడు. కానీ ఆ రోజుల్లో తాత నడకే మారింది. ఎవరు కనిపించినా ఆపి, "మావోడు ఇమానమెక్కుతన్నాడు" అనేవాడు. నాయనమ్మ గంగమ్మకు మొక్కుకుంది.

పోటీ రోజున తుపాను షెల్టరులో టీవీకి ఎవరిదో ఫోను తగిలించారు. అక్కడ సాయంత్రమైతే మనకు మధ్యాహ్నం. పేటంతా వచ్చింది. తాత మెడదాకా బొత్తాలు పెట్టుకున్న తెల్ల చొక్కాతో ముందు కూర్చున్నాడు. మావయ్య పచ్చ రంగు బిగుతు బట్టల్లో వేదిక ఎక్కి, కుడి మడమతో రెండుసార్లు తట్టాడు. పేటంతా ఒక్కసారి గొల్లున నవ్వింది.

ఎదుటివాడు ఆయనకంటే సన్నం. ముఖానికి బంగారు ముసుగు, నోరు మాత్రం కనపడుతుంది. కుర్రాడిలా ఉన్నాడు. మావయ్య కాసేపు వాణ్ణి విసిరాడు, తన్నాడు. ఆడవాళ్ళు గంగమ్మను పిలిచారు. తర్వాత వాడు మావయ్యను నడుం దగ్గర పట్టి, నిలువునా పైకెత్తి, తలకిందులుగా క్షణం నిలబెట్టి, వెనక్కి పడేశాడు. అయిపోయింది. అక్కడి జనం లేచి నిలబడ్డారు. ముసుగు కుర్రాడు ఏడుస్తున్నట్టుంది, ముసుగు తడిసింది.

తాత టీవీకి దగ్గరగా వెళ్ళి, "అది మళ్ళీ ఎయ్యి" అన్నాడు. ఫోను కుర్రాడు వెనక్కి తిప్పి వేశాడు. తాత తెర మీద కింద, మావయ్య కాళ్ళున్న చోట వేలు పెట్టాడు.

"ఆడెత్తలేదు" అన్నాడు. "ఈడే ఎగిరినాడు."

నిజమే. ముసుగువాడి చేతులు బిగుసుకోకముందే మావయ్య మడమలు నేలను వదిలాయి. మాకెవరికీ కనపడనిది ఆయనకు కనపడింది. జీవితమంతా మడమలు చూసిన మనిషి.

మిగతా పోటీల్లోనూ మావయ్య ఓడాడు. తాత చూడలేదు.

తిరిగొచ్చిన రోజున డప్పులు పెట్టారు. ఓడినా జపాను వెళ్ళొచ్చాడు కదా అని కుర్రాళ్ళు సరదాపడ్డారు. ఆటో దిగిన మావయ్య తిన్నగా ఒడ్డుకే వచ్చాడు. అప్పుడే వల వేసి ఉంది. తాత చెయ్యెత్తగానే డప్పులు ఆగాయి.

"ఒరే, ఒక్క మాట సెప్పు. ఆడు నిన్నెత్తినాడా, నువ్వెగిరినావా?"

మావయ్య ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలో లేదు. జనం వైపు చూశాడు, తాత వైపు చూశాడు.

"ఆడే ఎత్తినాడు మావా."

"నాను సూసినాను. నీ మడమలు సూసినాను."

ఎవరో కుర్రాడు, "అదంతా ఆటే తాతా, ఉత్తుత్తికే" అనబోతే మావయ్య వాడి వైపు ఒక్క చూపు చూశాడు. వాడు నోరు మూసుకున్నాడు.

"సేతులేసి నటించినోడికి ఈ ఒడ్డున ఏటి సేస్తామో నీకు తెలుసు" అన్నాడు తాత. "ఇంక తాడు ముట్టుకోకు."

ఆ రోజు నుంచి ఆయన ముట్టుకోలేదు. ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చేవాడు. తాత ఇంట్లో దిగేవాడు కాదు, మేనత్త వరస ఒకావిడ ఇంట్లో ఉండేవాడు. పొద్దున్నే ఒడ్డుకొచ్చి, బోర్లించిన పడవ మీద కూర్చుని వల లాగుతుంటే చూసేవాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. పిల్లలు వచ్చి కొడితే పడేవాడు, కానీ మునుపటిలా కాళ్ళు కొట్టుకునేవాడు కాదు. వల వచ్చాక ఆడవాళ్ళ గంపలు ఎత్తి తలల మీద పెట్టేవాడు. వాటా లేని మనిషి వాటాలు మోసేవాడు. ఒక్క మాట చెప్పేస్తే సరిపోయేది కదా అని నాకు కోపం వచ్చేది. తాతకు ఏం తెలుసు, ఆ కుస్తీ సంగతి విడమర్చి చెప్తే అర్థం చేసుకోడా.

ఒకసారి ఆయన పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను.

"ఏటే అది?"

"కథల పుస్తకం మావయ్యా."

"జరిగినియ్యా?"

"కాదు. కల్పించినవి."

"మరి ఇందాక కళ్ళు తుడుసుకున్నావు?"

నాకు సిగ్గేసింది. "బాగా రాశాడు" అన్నాను.

"ఆ రాసినోడు పక్కన కూకుని, ఇది అబద్దమే, ఇది అబద్దమే అని సెప్తుంటే ఏడుస్తావా?"

నేను పుస్తకం మూసేశాను. ఆయన తాళ్ళ వైపు చెయ్యి చూపించాడు. రెండు వరసలు చాలా దూరంలో నిలబడి, ఒకదానికి ఒకటి పోటీ అన్నట్టు కేకలేస్తూ లాగుతున్నాయి.

"ఆ కొసకీ ఈ కొసకీ పోటీయా?"

"కాదు. ఒకే వల కదా."

"మరి అంత గట్టిగా ఎందుకు లాగుతన్నారు?"

"గట్టిగా లాగకపోతే వల రాదు."

"ఊఁ" అన్నాడు. చేతులు మళ్ళీ తొడల కింద పెట్టుకున్నాడు. "ఒక కొసలో ఒకడు కాస్త తగ్గాల. రెండో కొస ముందుకు రావాల. లేకపోతే వల వంకరైపోయి సేపలన్నీ పోతాయి. తగ్గినోడు నటించినట్టు కాదు. అది మావకి నాను సెప్పకూడదే. ఆయనకి తెలిస్తే తెలవాల."

అంతకుమించి ఆయన ఎన్నడూ ఏమీ ఒప్పుకోలేదు.

తర్వాతి ఏళ్ళలో తాత చేతులు వణకడం మొదలైంది. మొదట నాయనమ్మ గమనించింది, గ్లాసులో టీ అంచు దాటి పోతుంటే. ఒడ్డున ఎవరూ అనలేదు గానీ అందరూ గమనిస్తున్నారు. తాడు మీద తాత ముందు చోటు వదల్లేదు. గుజరాత్ వెళ్ళినవాళ్ళు తిరిగిరాక వరసలో మనుషులు తగ్గారు. మడమల గోతులు చూసే నడక మాత్రం తాత మానలేదు. ఆ గోతుల్లో తన గోతులు రోజురోజుకూ లోతు తగ్గుతున్నాయని ఆయనకు తెలియకుండా ఉంటుందా? నాకు భయం వేసేది. ఆయన చట్టం ఆయనకే వచ్చి తగిలే రోజు ఒకటి వస్తుందని.

ఆ పొద్దున నాయనమ్మ గంజి ఇచ్చి పంపితే ఒడ్డుకు వెళ్ళాను. వల ఎప్పుడూ లేనంత బరువుగా వస్తోంది. అవతలి వరసలో జనం ఎక్కువ, వాళ్ళ కొస ముందుకు వచ్చేస్తోంది. మా వైపు తాడు సముద్రంలోకి జారుతోంది. తాత పళ్ళు బిగించి ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కానీ అరచేతుల్లోంచి తాడు పాములా పోతోంది. వరసలో వెనకున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

మావయ్య పడవ మీంచి లేచాడు. ఇసకను మడమతో రెండుసార్లు తట్టాడు. నడిచొచ్చి, తాత వెనక, తన పాత చోట్లో నిలబడి, తాడు పట్టుకున్నాడు.

తాత వెనక్కి తిరగలేదు. కానీ ఎవరో తెలిసింది. ఆయన వీపు తెలిసినట్టు నిటారుగా అయింది.

తాడు ఆగింది. తర్వాత మెల్లగా ఇటు రావడం మొదలైంది.

"మావా, నెమ్మది" అని అరిచాడు మావయ్య. "నీ జోరుకి నా సేతులు ఊడొచ్చేస్తన్నాయి."

మావయ్య కాళ్ళు తడబడినట్టు, ముందుకు లాక్కుపోతున్నట్టు ఊగాడు.

"మావా, ఆగు. నాను సన్నోడిని."

వెనకనుంచి ఎవడో అన్నాడు: "ఏరా, జపాను ఎళ్ళొచ్చినోడివి. ముసిలోడి జోరుకి ఆగలేవేటి?"

"ఈ ముసిలోడు జపాను రాలేదు కాబట్టి ఆళ్ళు బతికిపోయినారు."

వరసంతా నవ్వింది. నవ్వుతూ లాగింది. నేను గంజి గిన్నె పట్టుకుని వాళ్ళకు పక్కగా నిలబడి ఉన్నాను. తాత పిడికిళ్ళు తాడు చుట్టూ మూసుకుని ఉన్నాయి. తాడు ఆ పిడికిళ్ళలోంచి వదులుగా జరిగి వస్తోంది. బరువంతా వెనకుంది. మావయ్య మడమలు చీలమండ దాకా ఇసకలో దిగిపోయాయి. కాలిపిక్కలు రాళ్ళలా ఉన్నాయి. ముఖం మాత్రం ఓడిపోతున్నవాడి ముఖం. కళ్ళు తేలేసి, నోరు తెరిచి, దేవుడా అన్నట్టు. చిన్నప్పుడు నా వేలు తగిలి పడిపోయిన రోజున చూసిన ముఖం అది.

వల వచ్చింది. వెండిలా చేపలు. అందరూ నీళ్ళ వైపు పరుగెత్తారు. మావయ్య వెళ్ళలేదు. తడి తాడు చుట్ట భుజానికెత్తుకోకుండా, ఇసక మీద ఈడ్చుకుంటూ, తాత నిలబడిన చోటు మీదుగా తీసుకెళ్ళి పడవ పక్కన వేశాడు. అంత బరువు తాడు వెళ్ళిన చోట ఇసక నున్నగా అయిపోయింది.

తాత అలవాటుగా వెనక్కి తిరిగాడు. వరస పొడుగునా గోతులు చూస్తూ వచ్చాడు. మావయ్య నిలబడిన చోట రెండు లోతైన గోతులు, అడుగున నీరు ఊరుతోంది. దాని ముందు, తన చోట్లో, ఏమీ లేదు. నున్నటి ఇసక. తాత దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పడవ దగ్గర నిలబడి ఊపిరి పీలుస్తున్న మనిషిని చూశాడు. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు.

"ఈడికి వాటా తియ్యండి" అన్నాడు తాత.

మావయ్య భుజం మీద తువ్వాలు తీసి పరిచాడు. ఎవరో అందులో చేపలు పోశారు. దాన్ని మూటగట్టి, రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, మా తాత ఇంటి వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి మడమతో నేలను తట్టి లోపలికి వెళ్ళాడు. నాయనమ్మ ఆ చేపలు తోమడానికి కూర్చుంది. తోముతూ ముక్కు పైటతో తుడుచుకుంటూ ఉంది.

మర్నాడు తాత మోకాలు నొప్పి అన్నాడు. ఒడ్డుకు వెళ్ళాడు గానీ తాడు పట్టుకోలేదు. "నా సోట్లో నిలబడు" అన్నాడు మావయ్యతో. ఆ తర్వాత ఎప్పుడూ తాత తాడు పట్టుకోలేదు, ఎవరూ కారణం అడగలేదు. ఆయన వాటా ఆపాలని ఒక్కడైనా అనలేదు. జపాను వెళ్ళొచ్చిన మల్లుణ్ణే ఊపేసిన చేతులు కదా.

ఆ రోజు గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. పొద్దున్నే ఒకరు తాడు దగ్గర, ఒకరు పడవ మీద. మావయ్య పట్నం వెళ్ళేటప్పుడు తాత ఆటో దాకా వచ్చేవాడు. "బేగి వచ్చీరా" అనేవాడు. చివరిసారి కూడా అదే అన్నాడు.

మావయ్య పన్నెండో రోజు అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. తాత అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"ఒలే గుంటా, ఆ కుస్తీ నీ ఫోన్లో ఉంటాదా?"

వెతికి తీశాను. ఎండ తెర మీద పడకుండా ఆయన కండువా అడ్డం పెట్టాడు. పచ్చ బట్టల మావయ్య వేదిక ఎక్కాడు, మడమతో తట్టాడు. తాత పెదవులు కదిలాయి. ముసుగు కుర్రాడు వచ్చాడు. పట్టుకున్నాడు. పైకి లేపాడు.

"ఆపు" అన్నాడు తాత.

ఆపాను. తెర మీద మావయ్య నేలకూ గాలికీ మధ్యన ఉన్నాడు.

"ఇదిగో" అని వణికే వేలితో చూపించాడు. "ఆడెత్తలేదు. ఈడే ఎగిరినాడు."

"అవును తాతా."

తాత ఆ బొమ్మను చూస్తూ ఉన్నాడు. ముసుగు కుర్రాడి సన్నటి చేతులు, పైన మావయ్య. కండువా ఇంకాస్త దగ్గరకు లాగి అడిగాడు.

"ఈ ముసుగోడికి తెలుసంటావా? ఈడే ఎగిరినాడని?"

తల ఊపాను.

తాత తన రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి పెట్టుకుని, వాటినే చూస్తూ అన్నాడు.

"తెలుస్తాది. గెలిసినోడికి తెలుస్తాది."